నందిదుర్గం నుంచి నురగదాకా

నందిదుర్గం ఎక్కేవాళ్లలో చాలామంది తెల్లవారుజామున మబ్బులు చూడ్డానికే వస్తారు. ఫొటోలు దిగి, టిఫిన్ తిని, తిరుగుదారి పడతారు. 1,478 మీటర్ల ఎత్తున చోళుల నాటి యోగనందీశ్వరాలయం ఉంది. హైదర్, టిప్పు బలపరిచిన కోటగోడలున్నాయి. ఇంగ్లీషువాళ్ల సేనాని కార్న్‌వాలిస్ సేనలు మూడు వారాలు ముట్టడించి, 1791 అక్టోబరు 19న గానీ లోపల అడుగుపెట్టలేకపోయాయి. అయినా జనం మూగేది, టిప్పు నేరస్థుల్ని తోయించాడని చెప్పుకునే కొండచరియ దగ్గరే. చావు కథకున్న గిరాకీ గుడికి లేదు!

ఈ కొండల చుట్టుపక్కలే రెండు పినాకినులూ పుడతాయి. ఉత్తర పినాకిని గండికోట, నెల్లూరు మీదుగా పోయే మన పెన్న. దాని గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను పట్టుకున్నది దక్షిణ పినాకినిని, బెంగళూరు శివార్లో మా కాడుగోడికి తూర్పున పారేదాన్ని.

దేవనహళ్లి వైపు అది ఏరనిపించుకోదు. హోసకోట పెద్దచెరువు నిండి అలుగు పారితేనే దిగువకు నీళ్లు. నా చిన్నతనంలో కాడుగోడి అంటే రాగిచేలు, బృందావనం ఆశ్రమం, రైల్వేస్టేషను. స్టేషనుంది మా ఊళ్లో, పేరు మాత్రం వైట్‌ఫీల్డ్! సత్యసాయిబాబా ఆ ఆశ్రమానికి వచ్చిన రోజుల్లో పుట్టపర్తి, అనంతపురం భక్తులతో వీధంతా తెలుగే. 2023 మార్చిలో మెట్రో వచ్చాక రాగిచేల చోట ఏముందో చెప్పక్కర్లేదు.

కాడుగోడి దాటాక అసలు ఘోరం మొదలు. బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా బెంగళూరు మురుగు వచ్చి ఏట్లో కలుస్తుంది. శుద్ధి కాని మురుగులో సబ్బునీళ్లు అలుగు దగ్గర చిలికినట్టయి నురగ లేస్తుంది. వర్తూరులో అది గాలికి రోడ్డెక్కితే వలలు కట్టారు. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువే అంటుకుంది. చెరువును ఆర్పడానికి ఫైరింజన్లు రావాల్సిన నగరం ఇంకెక్కడైనా ఉందా?

తమిళనాడులో కాలుపెట్టగానే కెలవరపల్లి ఆనకట్ట. అక్కడా తెల్లగా నురగే. ఆ నీళ్లు పారేది హోసూరు చుట్టూ కూరగాయల మళ్లకు, పూలతోటలకు. వాటిలో మన తెలుగువాళ్లవీ తక్కువేం కాదు. కృష్ణగిరి, సాతనూరు ఆనకట్టలు, ఆపైన కడలూరు సముద్రం నేనింకా చూడలేదు. ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాను.

ఈ ఏటి నీళ్ల మీద తగవూ ఉంది. దీని ఉపనది మార్కండేయ మీద యర్గోళ్ దగ్గర కర్ణాటక ఆనకట్ట కడుతుంటే తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. 2019 నవంబరు 14న కోర్టు అడ్డుచెప్పలేదు, ట్రిబ్యునల్ వేయమని కోరమంది. నీళ్ల వాటా అక్కడ తేలుతుందేమో. మురుగు లెక్క మాత్రం బెంగళూరే తేల్చాలి.