పెద్దతెర కథ చిన్నతెరకు వస్తే

పిల్లలూ! 2024 వేసవి సెలవుల్లో మా మనవడు హైదరాబాదు నుంచి రాజోలు దగ్గర మా ఊరికి వచ్చాడు. మే నెలాఖరున వాడు టెలివిజన్ ముందు చతికిలబడి, ప్రైమ్ వీడియోలో కొత్తగా వచ్చిన "బుజ్జి అండ్ భైరవ" అనే బొమ్మల కథ చూశాడు. ఉన్నవి రెండే భాగాలు. అవి కాస్తా అయిపోగానే వాడు మూతి ముడుచుకుని, "ఇంతేనా, తాతయ్యా? అసలు బుజ్జిని చూపించకుండా బొమ్మ గీసి చూపిస్తారేం?" అని అడిగాడు.

బుజ్జి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. "కల్కి 2898 ఎ.డి." చిత్రంలో భైరవుడి బండి. అది మాట్లాడుతుంది, వాదిస్తుంది, అవసరమైతే అలుగుతుంది కూడా. అన్నట్టు, ఆ చిత్రం పేరులోనే ఒక లెక్క దాగి ఉంది. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల మాట. దానికి 2898 కలిపి చూడండి.

భైరవుడిగా వేసిన ప్రభాస్ వంశంవారిది మాకు వశిష్ఠ అవతలి ఒడ్డునున్న మొగల్తూరు. కనుక మా వైపు పిల్లలకు ఆ బండి మీద మరీ మక్కువ.

చిత్రం కోసం ఆ బండిని నిజంగానే తయారుచేశారు. మూడు చక్రాలు, సుమారు 6 టన్నుల బరువు. మూడు గంటల చిత్రానికి ఏళ్ళ తరబడి శ్రమపడి, డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టి ఒక లోకాన్ని కట్టవచ్చు. టెలివిజన్ కథకు అంత వ్యవధీ ఉండదు, అంత డబ్బూ ఉండదు. అదే లోకాన్ని కొద్దిపాటి సొమ్ముతో మళ్ళీ మళ్ళీ చూపించాలి. అందుకే బొమ్మలు గీశారు.

"అయితే బొమ్మలు గీయడం తేలికన్నమాట!" అన్నాడు మనవడు.

నేను వాడికి పలకా బలపం ఇచ్చాను. పూర్వపు పద్ధతిలో క్షణానికి 12 బొమ్మలు గీసినా, నిమిషానికి 720 అవుతాయి. పావుగంట కథకు 10,800! ఇప్పుడు కంప్యూటర్లు చాలా సాయం చేస్తాయిగాని, ఆలోచించి గీసేవాడు మనిషే. వాడు బలపం కింద పెట్టి, "తేలిక కాదులే," అని ఒప్పుకున్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ బొమ్మల కథ మే 31న వస్తే, అసలు చిత్రం జూన్ 27న వచ్చింది. అంటే, చిత్రంలోని రహస్యమేదీ బయటపెట్టకుండా కథ చెప్పాలి. పెళ్ళి వంటలు రుచి చూపించాలి గాని, విస్తరి వేయకూడదు! వాళ్ళు తెలివిగా, బుజ్జికీ భైరవుడికీ మొదట స్నేహం ఎలా కుదిరిందో అది మాత్రం చెప్పి ఊరుకున్నారు.

ఇలాంటి తంటా అమెరికాలో ఏనాడో వచ్చింది. మనుషులను వానరాలు ఏలే కథతో "ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్" అని 1968 నుంచి 1973 వరకు అయిదు చిత్రాలు తీశారు. జనం విరగబడి చూశారు. 1974లో దాన్ని టెలివిజన్‌కు తెచ్చి, వారానికొక భాగం చొప్పున చూపసాగారు. కాని వానరం ముఖం అతికించడానికి ఒక్కొక్క నటుడికి గంటల కొద్దీ పట్టేది! చిత్రానికైతే సరే, వారం వారం ఎలా? ఆ ముఖం కింద రాడీ మెక్‌డవల్ అనే నటుడుండేవాడు. ముక్కూ బుగ్గలూ ఊరికే కదుపుతూ ఉండకపోతే అది చచ్చిన ముసుగులా కనిపిస్తుందని ఆయన కనిపెట్టాడు.

అయితే ఆ టెలివిజన్ కథను దెబ్బతీసింది ముసుగు కాదని నా అభిప్రాయం. ప్రతి వారమూ అదే తంతు: ఇద్దరు మనుషులు, ఒక వానరం పారిపోవడం, పట్టుబడటం, తప్పించుకోవడం. మన బేతాళుడు కూడా ప్రతిసారీ చెట్టెక్కేవాడే గదా, అంటారేమో! నిజమే, కాని ప్రతిసారీ కొత్త ప్రశ్న వేసిగాని ఎక్కడు. వీళ్ళ దగ్గర ఆ ప్రశ్నలు త్వరగా అయిపోయాయి. 14 భాగాలు తీసి ఆపేశారు. మరుసటి ఏడు అదే కథను బొమ్మలుగా గీసి చూపించారు!

ఇదంతా నాకింత బాగా ఎలా అర్థమైందంటారా? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, నేనూ ఒకసారి ఆ పని చేశాను.

1991లో సింగీతం శ్రీనివాసరావుగారి "ఆదిత్య 369" వచ్చింది. కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కాలానికీ, అటునుంచి 2504వ సంవత్సరానికీ వెళ్ళే కథ. అప్పుడు నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం చెప్పేవాణ్ణి. పిల్లలు పట్టుబట్టగా, ఆ కథను శనివారం శనివారం కొంచెం కొంచెంగా ఆడిద్దామనుకున్నాను.

మొదటి శనివారం కాలయంత్రం చూసి బడి బడంతా చప్పట్లు కొట్టింది. వెదురు తడికకు వెండి కాగితం అంటించి చేశాం. రెండో వారానికి వాన తగిలి కాగితం ఊడింది, లోపలి తడిక బయటపడింది. మూడో వారం రాయలవారి సభకు కిరీటాలు మూడే ఉన్నాయి. ఉన్నదంతా మొదటి రోజే చూపించేశానని అప్పుడు తెలిసింది.

నాలుగో వారం రాబోయే కాలపు మనుషులు రావాలి. కాగితపు గుజ్జుతో నాలుగు ముసుగులు చేసి నలుగురికి తొడిగాను. అందులో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా అమ్మ పీచు మిల్లులో పని మానుకుని వచ్చిందండి, మేష్టారండీ. ఆ నలుగురిలో నువ్వెవరివే అని అడుగుతోందండి," అంది.

నాకు నోట మాట రాలేదు. ముసుగులు బాగున్నాయని అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయానేగాని, ఆ అమ్మాయికి ఒక్క మాటైనా ఇవ్వలేదు. మాట ఉంటే తల్లి గొంతు పట్టేదే!

మరుసటి వారం తడిక తీసేశాను. కాలయంత్రం తలుపు చాటునుంచి మాట్లాడుతుందని కథ మార్చి, ఆ గొంతు ఆ అమ్మాయికిచ్చాను. "ఎక్కండి, ఎక్కండి, ఆలస్యమైతే మీ తాతలు పుట్టకుండానే దిగవలసి వస్తుంది!" అని ఆమె గదమాయిస్తే పిల్లలు పడీ పడీ నవ్వారు. కాగితం అక్కరలేకపోయింది. ఆమె తల్లి మాత్రం రాలేదు. రెండోసారి కూలి పోగొట్టుకోవడం ఆ ఇంటికి కుదరదు.

మా మనవడు ఇదంతా విని కాసేపు ఊరుకున్నాడు. తరువాత, "బుజ్జిది కూడా గొంతే, తాతయ్యా! చిత్రంలోనూ బొమ్మల్లోనూ కీర్తి సురేషే మాట్లాడింది. కళ్ళు మూసుకున్నా బుజ్జే అని తెలుస్తుంది," అన్నాడు.

"మరి మీ కథ ఎలా ముగిసింది?"

"ముగియలేదురా. అర్ధసంవత్సరపు పరీక్షలు వచ్చాయి. హెడ్మాస్టరుగారు ఆపేయమన్నారు."

"అయితే వాళ్ళు 2504లోనే ఉండిపోయారా?"

"అక్కడే ఉన్నారు," అన్నాను.