మైదానం మారిన వేళ

మనిషి కాళ్ళకు కదలిక సహజం. మనసుకు మాత్రం నిలకడ ఇష్టం. పుట్టిన ఊరు, చదువుకున్న బడి, ఆడుకున్న చెట్టునీడ అతని వెంట నడవలేవు. అయినా అతడు ఎంత దూరం పోయినా వాటిని మనసులో మోస్తూనే ఉంటాడు. ఒక కుటుంబం ఇల్లు మారేటప్పుడు సామానంతా బండికెక్కుతుంది గాని, పిల్లల ఎత్తు కొలిచి గోడమీద గీసిన గీతలు బండికెక్కవు. ఒక్క ఇల్లు మారితేనే ఇంత బాధ కలిగితే, వేలాది కుటుంబాలు తరతరాలుగా తమదిగా భావించిన చోటును విడిచిపోవలసివస్తే వారి హృదయాలు ఎంతగా కలవరపడాలి? ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులు ఈ ప్రశ్నతో ఇంచుమించు పాతికేళ్ళు పెనుగులాడారు.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్లబ్బు అంటే కేవలం పదకొండుమంది ఆటగాళ్ళ బృందం కాదు. అది ఒక పేటకు ఇంటిపేరు వంటిది. తండ్రి ఏ జట్టును అభిమానిస్తే కొడుకూ ఆ జట్టునే అభిమానించడం అక్కడ పరిపాటి. ఎవర్టన్ క్లబ్బు 1878లో ఒక చర్చికి అనుబంధంగా, సెయింట్ డొమింగో అనే పేరుతో పుట్టింది. మరుసటి సంవత్సరమే ఎవర్టన్ అనే పేరు పెట్టుకుంది. 1888లో ఫుట్‌బాల్ లీగును స్థాపించిన 12 క్లబ్బులలో అది ఒకటి. 1884 నుంచి ఆ జట్టు ఆన్‌ఫీల్డ్ అనే మైదానంలో ఆడింది. 1891లో లీగు విజేతగా నిలిచింది కూడా అక్కడే.

ఆ విజయం ముగిసిన ఏడాదికే కలహం మొదలైంది. మైదానం విషయంలో జాన్ హౌల్డింగ్ అనే సంపన్నునికీ, క్లబ్బు సభ్యులకూ మధ్య అద్దె గురించి, అధికారం గురించి వివాదం ముదిరింది. 1892లో, చర్చిలో ఆర్గన్ వాయించే జార్జ్ మేహన్ నాయకత్వాన సభ్యులు ఆన్‌ఫీల్డును విడిచిపెట్టారు. స్టాన్లీ పార్కు అనే ఉద్యానవనానికి ఆవలి వైపున కొత్త మైదానాన్ని నిర్మించుకున్నారు. అదే గుడిసన్ పార్క్. ఖాళీ అయిన ఆన్‌ఫీల్డు కోసం హౌల్డింగ్ మరొక క్లబ్బును స్థాపించాడు. నేడు లోకమంతటా పేరుపొందిన లివర్‌పూల్ క్లబ్బు అదే! ఒక అద్దె తగవు ఒకే నగరంలో రెండు జట్లకు జన్మనిచ్చింది. తాము వదిలివచ్చిన ఇంట్లోనే ప్రత్యర్థి కాపురం పెట్టడం ఎవర్టన్ అభిమానులు మరచిపోలేని విషయం.

1892 ఆగస్టు 24న గుడిసన్ పార్క్ ప్రారంభమైంది. ఆనాడు అది కొత్త చోటు. కాని 133 సంవత్సరాలలో అది ఎన్నో జ్ఞాపకాల పుట్టగా మారింది. 1927-28 సీజనులో డిక్సీ డీన్ ఎవర్టన్ తరఫున 60 లీగు గోల్సు చేశాడు. ఆ వీరుడు వృద్ధాప్యంలో, 1980 మార్చి 1న, అదే మైదానంలో లివర్‌పూల్ జట్టుతో జరుగుతున్న ఆటను చూస్తూ కన్నుమూశాడు. 1966 ప్రపంచ కప్పులో ఉత్తర కొరియా 3-0తో ముందంజ వేయగా, పోర్చుగల్ వీరుడు యూసేబియో నాలుగు గోల్సు చేసి తన జట్టును 5-3తో గెలిపించింది కూడా గుడిసన్ పార్క్‌లోనే. మైదానం ఒక మూలను ఆనుకొని సెయింట్ ల్యూక్ చర్చి ఉన్నది. గోల్సు పడినప్పుడు లేచే కేకలూ, ప్రార్థన గీతాలూ అక్కడ ఇరుగుపొరుగుల వలె కలిసి బతికాయి.

అంతకంటే హృదయాన్ని కదిలించే విషయం మరొకటి ఉంది. మరణించిన అభిమానులలో 800 మందికి పైగా చితాభస్మాన్ని వారి కుటుంబాలవారు ఆ మైదానపు అంచుల వెంట మట్టిలో కలిపారు. ఇక చోటు చాలక, 2000 సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు క్లబ్బు ఆ ఆచారాన్ని నిలిపివేయవలసివచ్చింది. ఆ కుటుంబాలకు గుడిసన్ పార్క్ ఆటస్థలం మాత్రమే కాదు. అది తండ్రి సమాధి, తాత సమాధి.

మరి అటువంటి చోటును విడవవలసిన అవసరం ఎందుకు కలిగింది? పూర్వం ప్రేక్షకులు మెట్లపై నిలబడి ఆట చూసేవారు. 1948లో లివర్‌పూల్‌తో జరిగిన ఒక పోటీకి గుడిసన్ పార్క్‌లో 78,299 మంది హాజరయ్యారు. కాని 1989లో షెఫీల్డు నగరంలోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలిగొన్నది. ఆ దుర్ఘటనపై 1990లో వెలువడిన టేలర్ నివేదిక పెద్ద మైదానాలన్నింటిలో ప్రతి ప్రేక్షకునికీ కుర్చీ ఉండాలని సూచించింది. నిలుచునే చోట కుర్చీలు వచ్చాయి. ప్రేక్షకుల సంఖ్య 40,000 లోపునకు పడిపోయింది. విస్తరిద్దామంటే నాలుగు వైపులా ఇరుకు వీధులు, వరుస ఇళ్ళు, చర్చి, బడి. పాత కట్టడం కావడంతో కొన్ని కుర్చీలకు ఎదురుగా ఇనుప స్తంభాలు అడ్డం వచ్చేవి. పెద్ద స్టేడియాలు గల క్లబ్బులు టిక్కెట్ల ద్వారా అధిక ఆదాయం గడించి మేటి ఆటగాళ్ళను తెచ్చుకుంటుంటే, ఎవర్టన్ వెనుకబడసాగింది.

మొదట నదీతీరాన కింగ్స్ డాక్ అనే చోట 55,000 మందికి సరిపడే స్టేడియం కట్టాలని తలచారు. క్లబ్బు తన వాటా సొమ్మును సమకూర్చుకోలేకపోవడంతో 2003లో ఆ ప్రయత్నం విఫలమైంది. పిమ్మట నగర సరిహద్దుకు వెలుపల, నోజ్లీ పురపాలక ప్రాంతంలో ఉన్న కర్బీ పట్టణంలో, టెస్కో అనే వర్తక సంస్థ తోడ్పాటుతో స్టేడియం నిర్మించే ప్రతిపాదన వచ్చింది. అప్పుడు అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. 'ఎవర్టన్‌ను మన నగరంలోనే ఉంచండి' అనే నినాదమే పేరుగా ఒక ఉద్యమం బయలుదేరింది.

ఆనాటి వాదనలను ఒకే ఇంటి తండ్రీకొడుకుల మాటలుగా ఊహించవచ్చు.

"నాన్నా, స్తంభం చాటున కూర్చుని సగం ఆట చూస్తున్నాం. ఎంతకాలమిలా? కొత్త స్టేడియం వస్తే ఆదాయం పెరుగుతుంది. మంచి ఆటగాళ్ళు వస్తారు. మళ్ళీ కప్పు గెలుస్తాం" అంటాడు కొడుకు.

"ఆ స్తంభం పక్కనే మీ తాత నన్ను భుజాలమీద ఎక్కించుకున్నాడురా! క్లబ్బుకు ఊరే పేరు. ఊరు దాటిపోయాక ఆ పేరుకు అర్థమేమిటి?" అంటాడు తండ్రి.

"కర్బీ ఏమంత పరాయిది నాన్నా? మన నగరం మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలకోసమే కదా ఆ పట్టణాన్ని పెంచారు? అక్కడివాళ్ళు మనవాళ్ళే."

"మనవాళ్ళే. కాదనను. అయినా నగరంలో ఒక్క క్లబ్బే మిగిలితే రేపు పుట్టే బిడ్డ దేనిని తనదనుకుంటాడు? ఒకసారి ఇల్లు విడిచి ఆ ఇంటిని పోటీవాడికి అప్పగించాం. ఈసారి ఊరినే అప్పగించమంటావా?"

తండ్రి మాటలో గతం ఉంది. కొడుకు మాటలో భవిష్యత్తు ఉంది. ఇద్దరి మాటలోనూ ఉన్నది ఒకే ప్రేమ. వాదోపవాదాలలో వేడి పెరిగినప్పుడు మనుషులు సాధారణంగా మరచిపోయేది ఈ ఒక్క సత్యాన్నే.

2007 ఆగస్టులో క్లబ్బు తన సీజను టిక్కెట్టుదారులను, వాటాదారులను ఓటు వేయమని కోరింది. సుమారు 59 శాతం మంది కర్బీకి అనుకూలంగా ఓటు వేశారు. సంఖ్యను బట్టి చూస్తే తీర్పు స్పష్టమే. కాని ప్రతి అయిదుగురిలో ఇద్దరు కాదన్న నిర్ణయం కుటుంబ నిర్ణయం అనిపించుకోదు. ఓడిన పక్షం మౌనం వహించలేదు. బహిరంగ విచారణలో తన వాదాన్ని వినిపించింది. 2009 నవంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రణాళికను తిరస్కరించింది. గెలిచినవారు నిరాశపడ్డారు, ఓడినవారికి ఊరు మిగిలింది గాని కొత్త ఇల్లు దొరకలేదు. ఇరుపక్షాలకూ మిగిలింది నిరీక్షణే.

ఆ నిరీక్షణ వృథా కాలేదు. 2017లో క్లబ్బు బ్రామ్లీ-మూర్ డాక్ అనే స్థలాన్ని ఎంచుకుంది. గుడిసన్ పార్క్‌కు ఇంచుమించు రెండు మైళ్ళ దూరంలో, నగరం లోపలే, మెర్సీ నది ఒడ్డున ఉన్న పాత ఓడరేవు అది. 1848లో తెరచిన ఆ రేవును జెస్సీ హార్ట్‌లీ అనే ఇంజనీరు నిర్మించాడు. ఓడల రాకపోకలు సన్నగిల్లి అది పాడుబడి ఉంది. ఈసారి క్లబ్బు నగర ప్రజల అభిప్రాయాలను ముందుగానే సేకరించగా, వేలాదిమంది స్పందించారు, అత్యధికులు ఆమోదించారు. కర్బీ విషయంలో చీలిన అభిమానులు నది ఒడ్డున చాలావరకు ఏకమయ్యారు. నాడు కాదన్నవారి పట్టుదలే లేకుంటే ఎవర్టన్ ఏనాడో నగరం దాటిపోయి ఉండేది.

అయితే ఏ మార్పూ ఉచితంగా లభించదు. లివర్‌పూల్ రేవు ప్రాంతం 2004 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉండేది. నదీతీరాన సాగుతున్న కొత్త నిర్మాణాలవల్ల, వాటితోపాటు ఈ స్టేడియం ప్రణాళికవల్ల, ఆ ప్రాంతపు విశిష్టత దెబ్బతిన్నదని భావించి 2021 జూలైలో యునెస్కో దానిని జాబితానుంచి తొలగించింది. అంతకు ముందు లోకంలో రెండు స్థలాలకు మాత్రమే ఆ గతి పట్టింది. నిర్మాతలు రేవు గోడలను కాపాడి, లోపలి భాగాన్ని సముద్రపు ఇసుకతో నింపారు. పంతొమ్మిదవ శతాబ్దినాటి యంత్రగోపురాన్ని బాగుచేయించారు. అయినా ఒక వారసత్వాన్ని నిలుపుకొనే ప్రయత్నంలో మరొక వారసత్వానికి గాయమైంది. దీనిని విజయగాథగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు.

2025 మే 18న పురుషుల జట్టు గుడిసన్ పార్క్‌లో తన చివరి పోటీ ఆడింది. సౌతాంప్టన్‌పై 2-0తో గెలిచింది. రెండు గోల్సూ ఇలిమాన్ ఎన్‌జాయ్ అనే సెనెగల్ దేశపు ఆటగాడివి. అదే సంవత్సరం ఆగస్టు 24న, దాదాపు 53,000 మందికి సరిపడే కొత్త స్టేడియంలో తొలి లీగు పోటీ జరిగింది. బ్రైటన్ జట్టుపై ఎవర్టన్ 2-0తోనే గెలిచింది. అక్కడ తొలి గోలు చేసినవాడూ ఎన్‌జాయే! గుడిసన్ పార్క్ ప్రారంభమైనది కూడా ఒక ఆగస్టు 24వ తేదీనే. పాత ఇంట ఆరిన దీపపు వత్తితోనే కొత్త ఇంట దీపం వెలిగినట్లయింది.

మరి ఆ పాత ఇల్లు ఏమైంది? దానిని పడగొట్టి మరేదో కడతారని ఎందరో దిగులుపడ్డారు. చివరికి క్లబ్బు దానిని తన మహిళల జట్టుకు సొంత మైదానంగా అప్పగించింది. ఈ నిర్ణయం వెనుక చరిత్ర ఎరిగినవారికి తట్టే న్యాయం ఒకటి ఉన్నది. 1920 డిసెంబరు 26న ఇదే గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే మహిళల జట్టు ఆడిన పోటీని చూడడానికి సుమారు 53,000 మంది వచ్చారు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, లీగు క్లబ్బుల మైదానాలలో వారు ఆడకుండా నిషేధించింది. ఆ నిషేధం దాదాపు అర్ధశతాబ్ది కాలం కొనసాగింది. ఒకనాడు ఏ గుమ్మం నుంచి స్త్రీలను వెళ్ళగొట్టారో, ఆ గుమ్మానికే నేడు వారు యజమానులయ్యారు. చితాభస్మం కలిసిన ఆ నేలమీద బంతి ఇంకా దొర్లుతూనే ఉంది.

గుడిసన్ పార్క్ కూడా ఒకనాడు కొత్తదే; అక్కడికి వచ్చినవారూ ఒకనాడు పాత చోటును విడిచి వచ్చినవారే. కనుక చోటు మారడం తప్పు కాదు. మారకుండా పట్టుపట్టడమూ తప్పు కాదు. ఎవరిని అడిగి మారుతున్నారు, దేనిని వెంట తీసుకుపోతున్నారు, వెనుక మిగిలినదానిని ఎవరి చేతిలో పెట్టి పోతున్నారు అన్నవే అడగవలసిన ప్రశ్నలు. మైదానానికి పట్టా ఉన్నవాడు యజమాని కావచ్చు. కాని వానలో తడిసి, ఎండలో మాడి, గెలిచిననాడు నవ్వి, ఓడిననాడు ఏడ్చి దానికి ప్రాణం పోసినవారికి దానిపై ఒక మాట చెప్పే హక్కు ఉన్నది. ఆ మాట కటువుగా ఉన్నా వినిపించుకోగలిగిన సంస్థే చోటు మారినా తన పేరు నిలుపుకోగలుగుతుంది.