నోటిదాకా వచ్చి ఆగిపోయే ఇంగ్లీషు

ఈసారి సంఘం లెక్కలు కాదు, నా తప్పొకటి చెప్పుకోవాలని రాస్తున్నాను.

మొన్న ఉగాదికి మన సంఘం హాల్లో కాలేజీ పిల్లల చేత ఇంగ్లీషులో మాట్లాడించాం కదా. మా అక్క కూతురు, ఇంజనీరింగు ఆఖరి ఏడాది, లేచి "యెవ్రీ ఇయర్..." అని మొదలుపెట్టింది. ముందు వరుసలో కూచున్న నేను "యెవ్రీ కాదమ్మా, ఎవ్రీ" అన్నాను, గట్టిగా. నలుగురూ నవ్వారు. పిల్ల ఇంకో రెండు మాటలు చెప్పి దిగేసింది. నేను మరిచేపోయాను.

పోయిన నెల వాళ్ల కాలేజీకి ఉద్యోగాలిచ్చేవాళ్లు వచ్చి ఎనిమిది మందిని కూచోబెట్టి మాట్లాడమన్నారంట. ఇది నోరు తెరవలేదు. మార్కుల్లో క్లాసుకు మూడోది! ఏమైందే అంటే, "తెలీక కాదు మామా. ముందు తెలుగులో తోస్తుంది. దాన్ని ఇంగ్లీషు చేసుకునేలోపల ఇంకొకరు చెప్పేస్తారు. తప్పు పలికితే ఎవరన్నా నవ్వుతారని భయం కూడా" అంది. ఎవరన్నా అనేటప్పుడు నా వైపు చూడలేదు.

ఆ రాత్రి కూచుని ఆలోచించాను. మన హోసూరు పిల్లలకు ఇంట్లో తెలుగు. 2006 చట్టం వచ్చినాక బడిలో ఒకటో తరగతి నుంచే తమిళం తప్పనిసరి. అత్తిబెలె దాటితే కన్నడం. ఇన్ని భాషలు తిప్పుకుంటూ తిరిగే పిల్లలకు ఇంగ్లీషు ఒక్కటే ఎందుకు అడ్డం పడుతుంది? కన్నడం అంగట్లో, బస్సులో, పక్కింటి అరుగు మీద వచ్చింది. తప్పు మాట్లాడినా సామాను ఇచ్చి పంపారు. ఇంగ్లీషు మాత్రం కంటితో చదివి, చేత్తో రాసి, మార్కులు తెచ్చుకున్నది. పదహైదేళ్లలో నోటికి ఎవరూ పని పెట్టలేదు. పని పెట్టిన ఒక్క రోజూ నేను నవ్వించాను.

ఇంతకీ ఆ "యె" తప్పు దానిది కాదు. మనం "ఎక్కడ" అని రాసి "యెక్కడ" అనే అంటాం, "ఒకటి" రాసి "వొకటి" అంటాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ పోతుంది. నేను ముప్పై ఏళ్లుగా ఆఫీసులో "వేర్ యూ ఆర్ గోయింగ్" అనే అడిగాను, తెలుగులో "నువ్వు" ముందొస్తుంది కాబట్టి. ఎవరూ దారి తప్పలేదు. యాస దిద్దుకోవచ్చు, కాదనను. అయితే మాట బయటికి వచ్చినాక కదా దిద్దేది.

అందుకని ఆదివారం సాయంత్రం మేడ మీద గంటసేపు కాలేజీ పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. క్రికెట్టో, సినిమానో, హాస్టలు సాంబారో, వాళ్లిష్టం. మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరూ దిద్దకూడదు. మీ ఇంట్లో పిల్లలుంటే పంపండి.

మేనకోడల్ని అడిగితే, "నువ్వు లేకుంటే వస్తా మామా" అంది. సరే అన్నాను. బీగం తీసిచ్చి కిందికొచ్చేస్తాను.