ఏడాదికోసారి గడువు తీరే హక్కు



కాలేజీ హాస్టళ్ల మీద రాసిన ఉత్తరానికి మీ జవాబులు అందాయి. వాటిలో ఒక ప్రశ్న రకరకాలుగా కనబడింది: మత సంస్థలు నడిపే కాలేజీల్లో పిల్లలకు నోరెత్తే వీలుంటుందా? ఒకాయన ఇంకాస్త ఘాటుగా, ‘ప్రార్థన గంట కొట్టేచోట ఓటు పెట్టె ఎవరు పెడతారండీ’ అని అడిగారు. ఆ మాట పట్టుకుని ఈసారి మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను.

అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి పడమటికి వెళ్లే లోకల్ రైలు ఎక్కితే వరసగా మూడు చిన్న స్టేషన్లు వస్తాయి: ఆర్డ్‌మోర్, హేవర్‌ఫర్డ్, బ్రిన్ మార్. మొదటి ఊరితో మనకో చుట్టరికం ఉంది. గుంటూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టించిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్ పుట్టిందక్కడే. ఆవిడ లూథరన్ అయినా ఫిలడెల్ఫియాలో చదువుకున్న బడి క్వేకర్లది. 1883లో గుంటూరు వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. నేను చెప్పబోయే కాలేజీలు మిగతా రెండు స్టేషన్ల దగ్గరివి. రెండూ క్వేకర్లు పెట్టినవే.

క్వేకర్లంటే పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైన క్రైస్తవ శాఖ. వాళ్లలో పాత పద్ధతి పాటించేవారి ప్రార్థనలో పాస్టరు ఉండడు, ప్రసంగం ఉండదు, పాట ఉండదు. అందరూ ఒక గదిలో చేరి మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల నుంచి మాట వస్తే లేచి చెప్పి కూర్చుంటారు. మళ్లీ మౌనం. సంఘం పనులు చూసుకునే సభలు కూడా ఇదే తీరు. ఓటింగు పెట్టరు. అందరి మాటా విన్నాక సభ ఎటు మొగ్గిందో ‘క్లర్కు’ అనే పెద్దమనిషి చెప్తాడు, కాదనేవాళ్లుంటే ఆ విషయం మళ్లీ సభకు వస్తుంది. తొందరపడే మనుషులకు ఈ మతం పడదు.

హేవర్‌ఫర్డ్‌ను 1833లో బడిగా మొదలుపెట్టారు. డిగ్రీలిచ్చే కాలేజీ అయింది 1856లో. అంతా కలిపి ఇప్పటికీ సుమారు 1,400 మంది పిల్లలే. ఏ చర్చి పెత్తనమూ లేదని కాలేజీ నేడు చెప్పుకుంటుంది గానీ పాత వాసన పోలేదు. క్వేకర్లు గురువారాన్ని ‘అయిదో రోజు’ అంటారు. ఆ రోజు మౌన ప్రార్థనకు విద్యార్థులంతా హాజరు కావడం చాలాకాలం తప్పనిసరిగా ఉండేది. ఆ నిర్బంధం పోయింది, కానీ విద్యార్థుల సభ ఈనాటికీ మౌనంతోనే మొదలవుతుంది.

ఆ సభ పేరు ప్లీనరీ. ఏడాదికి రెండుసార్లు, చలికి ముందొకటి, చలి తగ్గాక ఒకటి. విద్యార్థుల కౌన్సిలూ దానికి ఎన్నికలూ వేరే ఉన్నాయి. క్లబ్బులకు డబ్బు పంచడం, కమిటీల్లో కూర్చోవడం లాంటి రోజువారీ పని వాళ్లది. పెద్ద నిర్ణయాలు మాత్రం ప్రతినిధులతో సరిపోవు, కాలేజీ కాలేజీ అంతా ఒకచోట కూర్చోవాలి. కూర్చునేది ఆటల హాల్లో. కొందరు కుర్చీల్లో, కొందరు నేల మీద. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని మర్నాటి హోంవర్కు చేసుకునేవాళ్లు, పక్కవాడి భుజం మీద కునుకు తీసేవాళ్లు కూడా ఉంటారు.

కావలసినన్ని సంతకాలు తెచ్చుకున్న విద్యార్థి ఎవరైనా తీర్మానం పెట్టొచ్చు. ముందు దాన్ని చదివి వినిపిస్తారు, తర్వాత ప్రశ్నలు. ఆ తర్వాత అనుకూలంగా మాట్లాడేవాళ్లు ఒక మైకు దగ్గర, వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లు ఇంకో మైకు దగ్గర వరస కడతారు. ఎవరో ఒక వాక్యం మార్చమంటారు. తీర్మానం తెచ్చినవాళ్లు అక్కడికక్కడే తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకుని సరే అంటారు, లేదా కుదరదంటారు. అప్పుడు ఓటు. మౌనంతో మొదలుపెట్టి ఓటుతో ముగించడం క్వేకరు పద్ధతి కాదు. పూర్వీకుల దగ్గర మౌనం తీసుకుని ఓటు పెట్టె వీళ్లు సొంతంగా తెచ్చుకున్నారన్నమాట. ప్రశ్న పంపిన పెద్దమనిషి ఇది గమనించాలి.

ఇదంతా జరగాలంటే కోరం ఉండాలి. అసలు తిప్పలన్నీ అక్కడే. భోజనం వేళకు ఒక్కొక్కరే జారుకుంటే సంఖ్య తగ్గి సభ ఆగిపోతుంది. పోయినవాళ్లను ఫోన్లు చేసి, బతిమాలి వెనక్కి పిలిపించాలి. మన పంచాయతీ గ్రామసభలో కోరం లేక వాయిదా పడడం చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేం కాదు.

ఇంత కష్టపడి వాళ్లు నిలుపుకునేది ఆనర్ కోడ్. 1897 నుంచి నడుస్తోంది. పరీక్షల్లో కాపీ కొట్టబోమనీ, తోటివాళ్లతో మర్యాదగా మసలుకుంటామనీ విద్యార్థులు తమకు తాము రాసుకున్న కట్టుబాటు అది. మొదట పరీక్షల మట్టుకే ఉండేది, తర్వాత తోటివాళ్లతో మెలిగే తీరు కూడా చేరింది. నన్ను కట్టిపడేసిన సంగతి ఏమిటంటే, అది శాశ్వతం కాదు. ఏటా వసంతంలో విద్యార్థులు మళ్లీ ఆమోదించాలి, ఆమోదించకపోతే అది చెల్లిపోతుంది. 2018లో నిజంగానే అలా జరిగింది, కోడ్‌కు ఆమోదం దొరకలేదు. మాకిది సరిపోవడం లేదు, మార్చండి అన్నవాళ్లు ఉన్నారు, అసలు పట్టనివాళ్లూ ఉన్నారు. ఇంకో ప్రత్యేక ప్లీనరీ పెట్టుకుని, దిద్దుకుని మళ్లీ నిలబెట్టుకున్నారు. దీన్ని పతనమనేవాళ్లు ఉండొచ్చు. నాకు మాత్రం కోడ్ ప్రాణంతో ఉందనడానికి అంతకంటే పెద్ద రుజువు కనబడలేదు. ఎవరూ కాదనలేని కట్టుబాటుకు ఎవరైనా ఔనంటే మాత్రం దానికేం విలువ?

ఆ కోడ్‌తో పిల్లలకు ఒరిగేదేమిటో పరీక్షల వారంలో తెలుస్తుంది. చాలా పరీక్షలకు ఫలానా రోజు, ఫలానా గంట అని ఉండదు. ఆ వారంలో ఎప్పుడు రాసుకోవాలో విద్యార్థే నిర్ణయించుకుంటాడు. ప్రశ్నపత్రం తీసుకుంటాడు, గదిలో కూర్చుని రాస్తాడు, టైము అయ్యాక ఇచ్చేస్తాడు. ఇన్విజిలేటరు ఉండడు. సోమవారం రాసినవాడు బయటికొచ్చాక గురువారం రాయబోయే స్నేహితుడికి ప్రశ్నలు చెప్పకూడదు. అంతటితో అయిపోలేదు, పరీక్ష తేలికా కష్టమా అని కూడా చెప్పకూడదు. గేటు దగ్గర స్క్వాడు నిలబడి జేబులు తడిమే పరీక్షలు రాసి వచ్చిన మనకు ఇది కాకమ్మ కథలా ఉంటుంది. నియమం తప్పేవాళ్లు అక్కడా ఉన్నారు. అలాంటప్పుడు విచారణ చేసేదీ విద్యార్థులే. ఎన్నికైన ఆనర్ కౌన్సిల్ వాళ్లు కొందరు, మామూలు విద్యార్థులు కొందరు కలిసి జ్యూరీగా కూర్చుంటారు. ఇక్కడ మాత్రం క్వేకరు పద్ధతి పూర్తిగా కనిపిస్తుంది, ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒక మాటకు వచ్చేదాకా మాట్లాడుకుంటారు. తప్పు చేసినవాణ్ణి బయటికి గెంటడం కంటే, మళ్లీ మిగతావాళ్ల మధ్య తలెత్తుకుని తిరిగేలా చేయడం మీదే చర్చ సాగుతుంది.

కేసు ముగిశాక దాని సారాంశం రాసి కాలేజీ మొత్తానికి పంచుతారు. అసలు పేర్లు ఉండవు. బదులుగా కార్టూన్లలోంచో, నవలల్లోంచో, టీవీ సీరియళ్లలోంచో పాత్రల పేర్లు పెడతారు. ఒక కుర్రవాడు వ్యాసం కాపీ కొట్టి, ప్రొఫెసరు ముందు ఒప్పుకోలేక నలిగిపోయిన సంగతి ఒక బొమ్మల సినిమా పాత్ర పేరుతో చదువుతుంటే మొదట నవ్వొస్తుంది. రెండో పేజీకి నవ్వు ఆగిపోతుంది. చివర చదివేవాళ్ల కోసం ప్రశ్నలుంటాయి: ఈ శిక్ష సరైనదేనా, జ్యూరీ ఇంకేం చేసి ఉండాల్సింది అని. ప్లీనరీలో తీర్మానం తేవాలనుకునేవాళ్లకు ఆ కాగితాలే పెట్టుబడి. మన దగ్గర విచారణ కమిటీ నివేదిక బీరువాలోకి వెళ్తే తాళం చెవి కూడా దానితోనే పోతుంది కదా.

పక్క స్టేషన్ బ్రిన్ మార్ ఆడపిల్లల కాలేజీ. జోసెఫ్ టేలర్ అనే క్వేకరు వైద్యుడు విడిచిపెట్టిన ఆస్తితో 1885లో మొదలైంది. ఏడేళ్లకే, 1892లో, విద్యార్థినుల స్వపరిపాలన సంఘం ఏర్పడింది. అమెరికాలో ఈ తరహా సంఘాల్లో అదే మొదటిదని చెప్తారు. హాస్టల్ కట్టుబాట్లు ఆ సంఘం చేతికే అప్పజెప్పారు. దేశంలో ఆడవాళ్లకు ఓటు హక్కు రావడానికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్లుంది. ఆ కాలేజీలో 1897 నుంచి సిగరెట్లు నిషేధం. 1920లు వచ్చేసరికి ఆ నిషేధాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. విద్యార్థినులే నమ్మని నియమాన్ని విద్యార్థినుల చేత అమలు చేయించడం కుదరదని సంఘం పట్టుబట్టింది. 1925లో ప్రెసిడెంట్ మారియన్ పార్క్ ఒప్పుకుని సిగరెట్లకు గదులు కేటాయించింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. పొగ తాగడం మంచిదని నేననడం లేదు, వాళ్ల వాదన మాత్రం గట్టిదే.

ఇంతవరకు చదివి అక్కడ పిల్లలదే రాజ్యం అనుకోకండి. ప్లీనరీలో నెగ్గిన తీర్మానానికి కాలేజీ ప్రెసిడెంట్ సంతకం కావాలి. ఆపైన డబ్బూ ఆస్తీ చూసుకునే బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఎంత మొండిదో చెప్పడానికి జాన్ కోల్‌మన్ కథ చాలు. 1967 నుంచి హేవర్‌ఫర్డ్ ప్రెసిడెంటుగా ఉన్న ఈయన విచిత్రమైన మనిషి. 1973లో సెలవు పెట్టి, తానెవరో చెప్పకుండా కాలువలు తవ్వే కూలిగా, చెత్త ఎత్తే మనిషిగా పనిచేసి, ఆ అనుభవం మీద పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో హేవర్‌ఫర్డ్ మగపిల్లల కాలేజీ. ఆడపిల్లల్ని చేర్చుకోవాలని విద్యార్థులు, అధ్యాపకులు, ప్రెసిడెంటూ అడిగినా బోర్డు పూర్తిగా ఒప్పుకోలేదు. కోల్‌మన్ 1977లో తప్పుకున్నాడు. మొదటి ఏడాది నుంచే ఆడపిల్లల్ని చేర్చుకోవడం 1980లో గానీ మొదలు కాలేదు. అందరి మాటా వినాలనే మతం అప్పుడు ఎవరి మాటా వినకుండా కూర్చుంది.

ఇంకో లోటు 2020లో బయటపడింది. ఆ అక్టోబరు చివర ఫిలడెల్ఫియాలో వాల్టర్ వాలెస్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. ఊరంతా నిరసనలు. నిరసనలకు వెళ్లొద్దని కాలేజీ పెద్దలు విద్యార్థులకు ఈమెయిల్ పంపారు. అది అగ్గి రాజేసింది. పిల్లలు క్లాసులు మానేశారు, కాలేజీలో తాము చేసే చిన్న ఉద్యోగాలు కూడా మానేశారు. సమ్మె రెండు వారాల పాటు సాగింది, పక్కనున్న బ్రిన్ మార్‌కూ పాకింది. ముందు నడిచింది మాత్రం ఎన్నికైన కౌన్సిల్ కాదు, నల్లజాతి విద్యార్థుల బృందాలు. మౌనం, మైకు, తీర్మానం అన్నీ ఉన్న చోట కూడా కొందరికి తమ మాట చేరడం లేదనిపించిందంటే, ఆ హాలులో ఎవరి మౌనాన్ని ఎవరు అంగీకారంగా లెక్కేసుకున్నారో ఆలోచించాల్సిందే. ప్రెసిడెంటు క్షమాపణ చెప్పారు, కొన్ని డిమాండ్లకు తలొగ్గారు. ఆనర్ కోడ్‌ను కొనియాడేవాళ్లు ఈ అధ్యాయం వదిలేసి రాస్తుంటారు. నాకది నచ్చదు.

మన సంగతి ఒక్క మాటలో ముగిస్తాను, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర ఆగిపోయాయి. 2006లో లింగ్డో కమిటీ నివేదిక వచ్చింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, 75 శాతం హాజరు ఉండాలని, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది కూడా. అయినా మన దగ్గర కదలిక లేదు. మత సంస్థల కాలేజీలే కాదు, ఏ మతమూ లేని సర్కారు కాలేజీల్లోనూ క్లాసు రిప్రజెంటేటివ్‌ను లెక్చరర్లే చూసి వేలు చూపిస్తారు. గొడవలు జరిగాయి, తలలు పగిలాయి, అందుకే ఆపాం అంటారు. అది అబద్ధం కాదు. కానీ అసెంబ్లీ ఎన్నికల్లోనూ తలలు పగిలాయి, వాటిని ఎవరూ ఆపలేదు కదా.

మీలో 1970ల్లో, 80ల్లో చదువుకున్నవాళ్లున్నారు. గుంటూరు ఏసీ కాలేజీ, మచిలీపట్నం నోబుల్ కాలేజీ, విజయవాడ లయోలా వాళ్లు నాకు తరచుగా రాస్తుంటారు. మీ కాలేజీలో యూనియన్ ఉండేదా? అధ్యక్షుడిగా ఎవరు గెలిచారన్న సంగతి కంటే, గెలిచాక ఏం సాధించారో రాయండి. హాస్టల్లో మంచినీళ్ల కుళాయి, లైబ్రరీ ఇంకో గంట తెరిచి ఉంచడం, మెస్సు బిల్లు తగ్గడం, ఏదైనా సరే. ఫాదరుగారో ప్రిన్సిపాలుగారో ఎలా ఒప్పుకున్నారో, ఒప్పుకోకపోతే ఏమన్నారో కూడా రాయండి. వచ్చే ఉత్తరాన్ని మీ జవాబులతోనే నింపుతాను.

ఉంటాను,
మీ సంపాదకుడు