శ్రుతి తప్పినది ఎక్కడ?

మన శనివారపు భజనబృందం వద్ద ఉన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వయస్సు 20 ఏళ్ళు దాటింది. డర్బన్‌లో విద్యుత్తు కోతలు మొదలైన తరువాత దానికి బ్యాటరీలు వేసి వాడుకుంటున్నాము. ఈ మధ్య దానిలో ఒక దోషం ఏర్పడింది. దోషం చిన్నదే. అయితే దాని నింద ఒక మనిషి మీద పడింది కనుక ఈ సంగతి వ్రాయదగినదని తోచింది.

బృందంలో అందరికంటె వయస్సులో పెద్దావిడను మేమందరం పెద్దమ్మ అని పిలుస్తాము. ఆమెది నాలుగు శ్రుతి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి ఈ రేవు చేరినది మొదలు 1911 వరకు వచ్చిన ఒప్పందపు కూలీలలో ఆమె పూర్వులూ ఉన్నారు, మా పూర్వులూ ఉన్నారు. చెరకుతోటల బ్యారక్‌లలో పాడుకున్న పాటలు కొన్ని మా బృందంలో ఆమె ఒక్కరికే వచ్చు. కొన్ని నెలలుగా ఆమె పాడుతుండగా పాట ఒక దారి, శ్రుతి ఒక దారి కాసాగాయి. యువకులు ఒకటిన్నర శ్రుతిలో పాడినప్పుడు మాత్రం పెట్టె నిలకడగా మ్రోగేది. కనుక పెట్టె బాగానే ఉన్నదని అందరూ తీర్మానించారు. “నా చెవి పోయింది నాయనా, ఇక పిల్లలను పాడనీ” అని పెద్దమ్మ వెనుక వరుసలోకి వెళ్ళి కూర్చున్నారు.

భౌతికశాస్త్రం బోధించి విరమించినవాణ్ణి కనుక నాకు ఆ తీర్మానం నచ్చలేదు. ఒక స్థానంలో సరిగా పనిచేసిన యంత్రం అన్ని స్థానాలలోనూ సరిగా పనిచేస్తుందని ఎవరు చెప్పారు? పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాను.

బ్యాటరీలు నీరసించినా స్వరం జారుతుంది. అందువలన ముందుగా కొత్తవి వేశాను. నాబ్‌ను ఒకటిన్నర వద్ద ఉంచి బల్లను వ్రేలితో తట్టాను. స్వరం కదలలేదు. నాలుగు వద్ద ఉంచి తట్టగానే స్వరం ఎగిరిపడి గరగరమన్నది. భజనలో తాళాలు, మృదంగం మ్రోగినప్పుడు కలిగే అదురు చాలు, అది పెద్దమ్మ కాళ్ళ క్రింద నేలను లాగివేయడానికి. నాలుగు శ్రుతి షడ్జమం సుమారు 175 హెర్ట్జ్. అది 10 హెర్ట్జ్ పెరిగితే నాలుగున్నర అయిపోతుంది. ఏ గాయని నిలబడగలదు?

నాబ్ వెనుక ఉండే భాగం పేరు పొటెన్షియోమీటర్. 1841లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పొగెన్‌డార్ఫ్ విద్యుత్ పీడనాన్ని కొలవడానికి రూపొందించిన సాధనానిది మొదట ఆ పేరు. తరగతిలో మేము చెక్కపై బిగించిన పొడవాటి తీగమీద జాకీని జరుపుతూ చూపించినది అదే. ఆ తీగ స్థానంలో గుర్రపునాడా ఆకారపు కర్బన పట్టీని, జాకీ స్థానంలో లోహపు నాలుకను ఊహించుకోండి. నాబ్ తిప్పితే నాలుక పట్టీపై జరుగుతుంది, నిరోధం మారుతుంది, స్వరం మారుతుంది. బయటకు మూడు కాళ్ళు ఉంటాయి. అంచులవి రెండూ పట్టీ కొనలు, నడిమిది నాలుక.

బ్యాటరీలు తీసి, తీగలను ఫోటో తీసుకుని, కాళ్ళ నుండి విడదీశాను. విడదీయక కొలిస్తే తక్కిన భాగాల నిరోధం కూడా కలిసి లెక్క తప్పుతుంది. అంచు కాళ్ళ మధ్య 97 కిలో ఓములు వచ్చింది. వీపు మీద ముద్రించినది 100. ఇటువంటి వాటిలో నూటికి 20 వరకు తేడా మామూలే. తరువాత నడిమి కాలికీ అంచు కాలికీ మీటరు పెట్టి నాబ్‌ను మెల్లగా త్రిప్పాను. దీనికి అంకెల మీటరు కంటె పాత ముల్లు మీటరే మేలు. ముల్లు నున్నగా జరుగుతూ వచ్చి, నాలుగు గుర్తు వద్ద ఒక్కసారి అనంతానికి ఎగిరింది. ఆ కాస్త దాటగానే మళ్ళీ బుద్ధిగా నడిచింది.

ఆ భాగాన్ని విప్పి చూశాను. నల్లని పట్టీ మీద ఆ ఒక్క చోట కర్బనం పూర్తిగా అరిగి అడుగు కనబడుతున్నది. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం పెద్దమ్మ పాటకు ముందు నాబ్‌ను అక్కడే అటూ ఇటూ సవరించేవాళ్ళం. ఆమె అంతగా పాడినందువలననే అక్కడ అరిగింది. అంతకుముందు ఎవరో శుభ్రపరిచే స్ప్రే కొడితే రెండు వారాలు బాగున్నదట. దుమ్ము ఉంటే స్ప్రే పోగొడుతుంది కాని, లేని కర్బనాన్ని తిరిగి తేలేదు.

కొత్తది కొనేటప్పుడు విలువ ఒక్కటే చూస్తే చాలదు. వీపు మీద ‘బి’ అని ఉన్నది. నేటి ఆసియా తయారీలలో నిరోధం సమానంగా పెరిగే రకానికి అది గుర్తు. ధ్వని పెంచడానికి వాడే ‘ఎ’ రకం వేస్తే శ్రుతులన్నీ నాబ్‌కు ఒక ప్రక్కనే కిక్కిరిసిపోతాయి. ఇరుసు మందం 6 మిల్లీమీటర్లు. దాని పొడవు కూడా సరిపోవాలి, లేకపోతే పాత నాబ్ కూర్చోదు.

తీగలకు టంకం వేయాలి. ఈ మాటను సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. అప్పుడే మరొకటి తెలిసింది. మా నాయనమ్మ కారే ఇత్తడి బిందెను చూసి “మాటు వేయించాలి” అనేది. అది మా ఇంట్లో పుట్టిన మాట అనుకునేవాళ్ళం. నిఘంటువులో చూసిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేను. కాలికి 3 సెకన్లకు మించి వేడి తగలనివ్వకుండా మాటు వేశాను. అంచు తీగలు తారుమారైతే నాబ్ ఎదురు తిరుగుతుంది కనుక ఫోటోతో సరిచూశాను. లోపల కర్మాగారంలో సవరించి ఉంచిన చిన్న మరలను ముట్టుకోలేదు.

శనివారం పాత ముక్కను పెద్దమ్మ చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు సవరించుకుని అరిగిన చోటును చాలాసేపు చూశారు. “ఇది నా చోటేనా?” అని అడిగారు. అవునన్నాను. ముందు వరుసకు వచ్చి కూర్చుని, రెండు పాటలు పాడి, మూడవదానికి మా అమ్మాయిని ప్రక్కకు పిలిచారు.

కొన్నవి రెండు. రెండవదానిని శ్రుతిపెట్టె అడుగున అంటించి, దాని ప్రక్కన “100 కిలో ఓములు, బి రకం” అని తెలుగులో వ్రాసి ఉంచాను.