కొండలేని ఊళ్ళో నా మౌంటెన్ సైకిలు

రాయ్‌పూర్‌లో కొండలు లేవు. చెరువులున్నాయి, వరిమళ్ళున్నాయి, వాటి నడుమ అంతగా ఏదీ పండని ఎర్రని కంకర నేల ఉన్నది. దాన్ని ఇక్కడివారు ‘భాటా’ అంటారు. అయినా పాతికేళ్ళకు పైగా నా దగ్గర ఒక మౌంటెన్ సైకిలు ఉన్నది. 1999లో, నా మొదటి అనువాదానికి ముట్టిన పారితోషికంతో కొన్నాను. పద్దెనిమిది గేర్లలో ఇప్పుడు మాట వినేవి నాలుగే. ఆంగ్ల సాహిత్యం చదివి అనువాదాలతో బ్రతికేవాడికి అంతకన్న వేగం దేనికని నా భార్య పరిహాసం.

మా నాన్నగారు పార్వతీపురం నుంచి వచ్చి పండరీ బట్టల బజారులో గుమాస్తాగా కుదురుకున్నారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. మావైపు వారికి ఇటు రావడానికి అదే దారి. ఆయనకొక నల్లని అట్లాస్ సైకిలుండేది. దుకాణం కట్టేసి ఎంత రాత్రివేళ ఇల్లు చేరినా, బొటనవేలితో రెండు టైర్లూ నొక్కి చూడనిదే లోపలికి వచ్చేవారు కారు.

సీటు అందని వయసులో, నడిమి కడ్డీ కింద కాలు దూర్చి, ఆ సైకిలు మీదనే తొక్కడం నేర్చుకున్నాను. అప్పట్లో పండరీ పక్కనుంచే ధమ్‌తరీ వెళ్ళే చిన్న రైలు పోయేది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, 1900లో వేసినవి. తేలీబాంధా దాటాక పట్టాల పక్క కాలిబాట మీద ఆ రైలుతో పందెం వేసేవాణ్ణి. గెలిచానని చెప్పుకోవడం గొప్ప కాదు. ఆ రైలును ఎవరైనా గెలిచేవారు.

నాన్నగారు 2009లో పోయారు. ఇల్లు ఇరుకనీ, తుప్పు పట్టిందనీ నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆ అట్లాసును పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ బండి వీధి మలుపు తిరగబోతుండగా, “ఆ బెల్లన్నా ఊడదీసి ఉంచకపోయావా, నాయనా?” అన్నది. పరుగెత్తి వెళ్ళి బెల్లు మాత్రం తెచ్చాను. సైకిలునే ఎందుకు వెనక్కు తేలేదో నేటికీ చెప్పలేను.

2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడిందని పత్రికలో చదివాను. ఆ సాయంత్రం సొరుగులోనుంచి బెల్లు తీసి, నా సైకిలుకు బిగించాను.

పోయిన వర్షాకాలంలో పెడళ్ళ ఇరుసు దగ్గర ఫ్రేము చిట్లింది. మా అబ్బాయి తేలికైన అల్యూమినియం సైకిళ్ళ బొమ్మలు చూపించి, “దీన్ని ఇచ్చేద్దాం నాన్నా” అన్నాడు. పదిహేనేళ్ళ క్రితం నేనన్న మాటే. నేను జవాబు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఈ సైకిళ్ళ చరిత్రను గురించిన వ్యాసమొకటి అనువాదానికి వచ్చింది. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతపు కుర్రవాళ్ళు, 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళను బాగుచేసుకుని, తమ ఊరి పక్క కొండదారినే కిందికి ఉరికించారు. 1976 అక్టోబరులో అక్కడ మొదటి పందెం జరిగింది. దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులో గ్రీజు ఆవిరై పొగలెగసేదట. మళ్ళీ కూరవలసి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు. మౌంటెన్ సైకిలు పుట్టిందే పాతసామానులోనుంచి! ఆ పేరుకు సరైన తెలుగు మాట నాకింకా చిక్కలేదు.

మర్నాడు సైకిలును పండరీలో ఒక పాత మెకానిక్కు దగ్గరకు నడిపించుకుపోయాను. ఇత్తడితో అతుకు పెట్టి, రంగు వేయనా అని అడిగాడు. వద్దన్నాను.

ఆ ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాను. బట్టల బజారు తలుపులింకా తెరవలేదు. బస్టాండు 2021లో భాటాగావ్‌కు తరలిపోయాక, ఆ వేళప్పుడు ఈ రోడ్డు మీద ఊపిరి పీల్చుకోవచ్చు. చిన్న రైలు పట్టాలు లేవు. వాటి మీదుగా పెద్ద రోడ్డు వేశారు. దానికి ఎడంగా, మానా దాటి, మడిగట్లలోకి దిగాను. కంకర మీద టైర్ల గరగర, అతుకు దగ్గర చిన్న కిర్రుమనే చప్పుడు.

ఒక గట్టు ఎక్కబోతే గేరు మారలేదు. దిగి నెట్టుకుంటూ ఎక్కించాను. ఎదురుగా పశువులు వస్తున్నాయి. నాన్నగారి బెల్లు రెండుసార్లు మ్రోగించాను. పక్కకు తప్పుకోలేదు. తొందరేమీ లేదు గనుక, అవి వెళ్ళేదాకా నిలబడి, బొటనవేలితో టైర్లు నొక్కి చూసుకున్నాను.