షాబాద్ బండకు మరకైతే...

షాబాద్ అనగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చేవి బండలే. ఇంతకీ ఆ బండలు ఏ షాబాద్‌వి?

హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా, మర్రిచెట్ల నీడన చేవెళ్ల చేరి దక్షిణానికి తిరిగితే షాబాద్ వస్తుంది. రంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. కానీ బండకు పేరిచ్చింది ఈ ఊరు కాదు, కర్ణాటకలోని కలబురగి జిల్లా షాహాబాద్. జనం నోట అదీ షాబాదే అయింది! సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలుమార్గం 1874లో వచ్చింది. దానిమీదున్న తాండూరులోనూ ఇలాంటి రాయే దొరుకుతుంది. నీలం, పసుపు ఛాయల్లో తెలంగాణ ఇళ్ల వసారాల్లో, వంటిళ్లలో పరుచుకున్నది ఈ సున్నపురాయే.

ఏళ్లతరబడి పాదాలు తగిలి నునుపు తేలిన బండకు ఓ మెరుపు వస్తుంది. దసరాకో, పెళ్లికో గోడలకు రంగులేయిస్తే దానిమీద చుక్కలు పడతాయి. అవి పోవాలని చాలామంది చేసే పని... బాత్రూమ్ యాసిడ్ పోయడం. బుసబుసా నురగొస్తే మురికి పోతోందనుకుంటారు. నిజానికి కరిగేది బండే! గోడకు వేసిన సున్నం గాలి తగిలి గట్టిపడితే కాల్షియం కార్బొనేట్ అవుతుంది. బండలో ఉన్నదీ ప్రధానంగా అదే. ఏది మరకో, ఏది రాయో యాసిడ్‌కు తెలియదు. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి.

మరేం చేయాలి? ముందు అది ఏ రంగో చూడాలి. సున్నం, డిస్టెంపర్ చుక్కలైతే తడిగుడ్డ కప్పి గంటసేపు నాననివ్వాలి. తర్వాత చెక్కముక్కతోనో, ప్లాస్టిక్ గీకుడుతోనో మెల్లగా లేపి, కొబ్బరిపీచుతో రుద్దాలి. ఇనుప పీచు వద్దు. గీతలు పడతాయి, తెగిన పోగులు తుప్పుపట్టి కొత్త మరకలవుతాయి.

మెట్ల అంచులకు వేసిన ఎనామిల్ మొండిది. దానికి పెయింట్ రిమూవర్ కావాలి. ముందు మూలనున్న బండమీద కాస్త రాసి చూడాలి. రాయి రంగు మారకపోతేనే మిగతా చోట్ల వాడాలి. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. పాత ఎనామిల్‌ను పొడిగా గీకకూడదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎక్కువే ఉండొచ్చు. ఆ ధూళి పిల్లలకు ప్రమాదం. అందుకే తడిపి గీకి, తడిగుడ్డతో ఎత్తేయాలి. ఆ పని అయ్యేదాకా పిల్లల్ని అటు రానివ్వకూడదు.

యాసిడ్ తిన్న బండకు మెషిన్ పెట్టి మళ్లీ పాలిష్ చేయించుకోవచ్చు. అయితే పై పొర అరిగిపోతుంది. తాతల కాలం నుంచి నడిచి నడిచి వచ్చిన నునుపు మాత్రం తిరిగి రాదు. అన్నిటికన్నా తేలిక మార్గం ఒకటుంది... ఈసారి రంగులేయించే ముందు బండలమీద పాత పేపర్లు పరచండి!